పిన్ను కాళ్లు వంచినానా?

ఇంటికి తాళం వేశాక సత్యవేదం మూడుసార్లు లాగి చూస్తాడు. వీధి మలుపుదాకా వెళ్లి, వెనక్కి వచ్చి నాలుగోసారి లాగుతాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు. అతను బిగించిన నట్టును మళ్లీ చూడక్కర్లేదని తోటివాళ్లు చెప్పుకుంటారు. ఆ నమ్మకం లేనిది అతనొక్కడికే.

పంతొమ్మిదేళ్ల వయసులో స్నేహితుడు ఎర్రయ్య సైకిలు ముందు చక్రం విప్పి బాగుచేశాడు. మర్నాడు ఆ చక్రం ఊడి ఎర్రయ్య రోడ్డు మీద పడ్డాడు. కుడి మోచేయి విరిగి వంకరగా అతుక్కుంది. రైల్వే ఉద్యోగం చేతికి వచ్చినట్టే వచ్చి మెడికల్ పరీక్షలో పోయింది. ఎర్రయ్య గోల్‌బజార్లో టీకొట్టు పెట్టుకున్నాడు. సత్యవేదాన్ని అతను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడంతో సత్యవేదానికి తనను తాను అనుకోవడమే మిగిలింది.

1987 జూలైలో ఒక ఆదివారం, డాక్టరు ఆలిస్ తన కారేసుకుని అతని క్వార్టరు ముందుకొచ్చింది. తెలుగు చర్చిలో అందరూ ఎరిగిన మనిషి. ఇద్దరు మాత్రమే పట్టే ఆకుపచ్చ కారు అది, గుడ్డ టాపుతో, నేలకి జానెడెత్తున ఉంటుంది. వెనకటికి ఒక ఆంగ్లో ఇండియన్ మెయిల్ రైలు డ్రైవరు ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాడు. భార్య కాన్పు గండాన్ని డాక్టరమ్మ గట్టెక్కించినందుకు, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఆమెకిచ్చి వెళ్లాడు.

"పూరీ రైలుగేటు దగ్గర మొన్న ప్రాణం పోయినంత పనైంది సత్యవేదం," అందామె. "ఫస్టు గేరే అనుకుని వేశాను. బండి వెనక్కి పోయింది. వెనకాల రిక్షాలో పసిబిడ్డతో తల్లి. బెత్తెడు దూరంలో ఆగింది."

సత్యవేదం కూర్చుని గేర్ లివర్ పట్టుకుని కదిపాడు. చెరుకుగడలా ఎటుపడితే అటు ఊగింది. ఏ గేరు ఎక్కడుందో చేతికి తెలియడం లేదు.

"గేర్ రాడ్డు కీళ్ల కాడ బుష్షులు పోనాయండి. కానీ నాను సెయ్యనండి. రైలు డబ్బాకైతే నాను బిగించినాక ఇంకో మనిషి సూస్తాడు. దీనికి నా ఎనకాల ఎవులు సూస్తారు?"

"నేను కోసి కుట్టాక నా వెనకాల ఎవరు చూస్తున్నారయ్యా?" అందామె.

సత్యవేదం లోపలికెళ్లి పనిముట్ల సంచి తెచ్చాడు.

సీటు పక్కకి జరిపి, లివర్ చుట్టూ ఉన్న రేకు మూత విప్పాడు. లివర్ నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే రాడ్డు కొసల్లో ఒకప్పుడు ఉంగరాల్లాంటి రబ్బరు బుష్షులుండేవి. ఇప్పుడు వాటి చోట నల్లటి పొడి ఉంది, వేలితో ముట్టుకుంటే రాలిపోయింది. ఇనుము ఇనుమును కొట్టుకుంటోంది. కొత్తవి దొరికే కారు కాదు. నైలాన్ రాడ్డు ముక్క కొని మలంచా రోడ్డులో సర్దార్జీ లేత్ షాపుకి తీసుకెళ్లాడు. కొత్త బుష్షుల్లో పిసరంత ఖాళీ కూడా ఉండకూడదని పట్టుబట్టాడు.

"థోడా ఢీలా రఖో భాయ్, బర్సాత్ హై," అన్నాడు సర్దార్జీ. వానాకాలం, కొంచెం వదులుంచమని.

సత్యవేదం వినలేదు. వదులు అన్న మాటే అతనికి భయం. బుష్షులు బిగువుగా కూర్చున్నాయి. కీలు పిన్నులు దూర్చి, అవి జారిపోకుండా, రెండు కాళ్లుండే సన్నటి స్ప్లిట్ పిన్నులు పెట్టాడు. ఇప్పుడు లివర్ ఎక్కడ వేస్తే అక్కడే నిలిచింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా నవ్వి, గోల్‌బజార్ చుట్టూ ఒక చుట్టు వేసి వచ్చింది.

సత్యవేదానికి మాత్రం తిండి సహించలేదు. డ్యూటీ దిగాక సైకిలు మీద ప్రేమ్ బజార్లో ఆమె క్లినిక్ దాకా వెళ్లి, కారు కదిలేదాకా నిలబడి గేరు మారే చప్పుడు విని వచ్చేవాడు. "డాక్టరమ్మకి లేని బెంగ మీకేటండీ?" అని భార్య సుజాతమ్మ విసుక్కునేది. మూడు వారాలు ఏకధాటిగా వానలు కురిశాయి.

ఆగస్టులో ఒక ఆదివారం, చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక ప్రశ్న గుచ్చుకుంది. వెనక కీలు దగ్గర స్ప్లిట్ పిన్ను కాళ్లు వంచినానా? పిన్ను దూర్చడం గుర్తుంది. అంతలో జల్లు కొట్టడం, కారును రేకుల కిందికి తోయడం గుర్తుంది. సుజాతమ్మ టీ ఇవ్వడం గుర్తుంది. పటకారుతో ఆ రెండు కాళ్లనూ విడదీసి వంచడం మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు.

కాళ్లు వంచకపోతే పిన్ను జారుతుంది. పిన్ను జారితే రాడ్డు ఊడి పడుతుంది. అప్పుడు కారు ఏ గేరులో ఉంటే అందులోనే.

కళ్లు తెరిచి చూస్తే డాక్టరమ్మ చోటు ఖాళీగా ఉంది. క్లినిక్‌లో ఆయా ఎలీసమ్మ పక్క వరసలోనే ఉంది. వంగి మెల్లగా అడిగాడు.

"మేదినీపూర్లో కాన్పు కష్టంగా ఉందని కబురొచ్చినాది. ఇప్పుడే కారేసుకుని ఎల్లినారు," అందామె.

మేదినీపూర్ అంటే కాంసాయి నది వంతెన. దాని మీద లారీలు. సత్యవేదం లేచాడు. గుమ్మం బయట చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి సైకిలెక్కాడు. గోల్‌బజార్ చేరేసరికే ఆయాసంతో సైకిలు ఆపాల్సి వచ్చింది. టీకొట్టులోంచి ఎర్రయ్య చూశాడు.

"ఒరే సత్తెవేదం! ప్రార్థన సాలించి కాళ్లకి సెప్పుల్లేకుండా ఏటిరా?"

సత్యవేదం చెప్పాడు. ఎర్రయ్య కొట్టు పక్కవాడికి అప్పగించి, మేదినీపూర్ వెళ్తున్న కూరగాయల టెంపోని వంకర చెయ్యి ఊపి ఆపాడు. ఇద్దరూ వంకాయ బుట్టల మధ్య కూర్చున్నారు.

ఊరి చివర చౌరంగీ కూడలి దాటాక ఎర్రయ్య అన్నాడు. "ఒక మాట సెప్పనా? ఆ దినం బాగుసేసి నువ్విచ్చిన సైకిలు నా తమ్ముడు ఎవులికో ఎరువిచ్చినాడు. ఆళ్లు సక్రం ఇప్పినారో నేదో నాకు తెల్దు. నువ్వు బిగించనేదో, మరొకలు ఒదులు సేసినారో దేవుడికే తెలవాల."

"మరి ఇన్నేళ్లూ సెప్పనేదేటిరా?"

"నువ్వడగనేదు. నన్ను సూస్తే సాలు, తల దించుకుని పారిపోతావు. ఎప్పుడని సెప్పీది?"

ఊరట కలగాల్సిన మాటే. కానీ సత్యవేదం చూపంతా రోడ్డు మీదే ఉంది.

వంతెన దగ్గర బళ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. లారీల వెనక లారీలు. సత్యవేదం టెంపో దిగి బళ్ల సందుల్లోంచి పరిగెత్తాడు. ముందర ఇరుసు విరిగిన ఎడ్లబండి ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. దానికి నాలుగు బళ్లు వెనకగా ఆకుపచ్చ కారు. అందులో డాక్టరమ్మ గడియారం చూసుకుంటూ కూర్చుని ఉంది.

"నువ్విక్కడేమిటి?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

"ఒక్క నిమిషం దిగండమ్మా. పిన్ను సూడాల."

స్క్రూడ్రైవరు లేదు. వెనకే పరిగెత్తుకొచ్చిన ఎర్రయ్య జేబులోంచి అర్ధరూపాయి బిళ్ల తీసిచ్చాడు. దాని అంచుతో నాలుగు స్క్రూలు తిప్పి, మూత తీసి తల లోపలికి పెట్టాడు. స్ప్లిట్ పిన్ను ఉంది. రెండు కాళ్లూ చక్కగా విడదీసి, వంచి ఉన్నాయి.

సత్యవేదం కళ్లు తడిశాయి. వంచాడు. మరిచిపోలేదు. అయినా చెయ్యి ఊరుకోక పిన్నును తడిమాడు. ఒక కాలు గోటికి తగిలి తెగి పడింది. రెండోది దారమంత సన్నగా ఉంది.

"ఈ మధ్య గేరు గట్టిగా పడుతోందా అమ్మా?"

"పడుతోంది. కొత్తవి కదా, అలాగే ఉంటాయనుకున్నాను."

అప్పుడు అర్థమైంది. వాన తేమకి నైలాన్ ఉబ్బింది. బుష్షు కీలు పిన్నును కరిచి పట్టుకుంది. గేరు వేసిన ప్రతిసారీ కీలు పిన్ను కూడా తిరుగుతూ స్ప్లిట్ పిన్నును అరగదీసింది. అతను భయపడ్డ తప్పు అతను చేయలేదు. మంచిదనుకుని చేసిన బిగువే తప్పయింది.

"ఇనుప తీగముక్క ఏదైనా ఉందా అమ్మా?"

డాక్టరమ్మ ముడిలోంచి హెయిర్‌పిన్ను తీసిచ్చింది. బ్యాగులోంచి రక్తనాళాలు పట్టే ఫోర్సెప్సు కూడా ఇచ్చింది. సత్యవేదం హెయిర్‌పిన్ను రంధ్రంలో దూర్చి, ఫోర్సెప్సుతో పట్టి రెండు కాళ్లూ వంచాడు. "ఎర్రయ్యా, నువ్వు సూడు," అన్నాడు. ఎర్రయ్య తల దూర్చి, వేలితో ముట్టి, "వొంగినాదిరా," అన్నాడు. ఎడ్లబండిని పక్కకి లాగేసరికి మూత స్క్రూలు కూడా బిగిశాయి. సత్యవేదం పక్క సీట్లో కూర్చుని, మేదినీపూర్ దాకా లివర్ మీంచి చెయ్యి తీయలేదు.

మధ్యాహ్నానికి అక్కడ ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. టెంపోలో వెనకాలే వచ్చిన ఎర్రయ్యా, సత్యవేదమూ ఆసుపత్రి వరండాలో మరమరాలు తింటూ కూర్చున్నారు.

ఆ వారమే నైలాన్ బుష్షులు తీసి, తేమకి ఉబ్బని గన్‌మెటల్‌తో చేయించాడు. ఈసారి సర్దార్జీ చెప్పినంత వదులు ఉంచి, గ్రీజు పెట్టాడు. ఆ పని మొదలుపెట్టేముందే డాక్టరమ్మ అతని నాడి చూసి, నిద్ర గురించి అడిగి, మందేమీ రాయలేదు. ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చింది.

"ఏ పని చేస్తే ఆ పని అప్పటికప్పుడే రాసుకో. భయం వేసినప్పుడు తీసి చదువుకో," అంది.

రాసుకున్నాడు. 'వెనక కీలు, స్ప్లిట్ పిన్ను, రెండు కాళ్లూ వంచినాను, 23 ఆగస్టు, సాయంత్రం నాలుగు.' ఎనిమిదేళ్ల తర్వాత చూపు తగ్గి డాక్టరమ్మ నడపడం మానేసేదాకా ఆ కారు గేరు తప్పలేదు. రిటైరయ్యేనాటికి సత్యవేదం దగ్గర అలాంటి పుస్తకాలు పదకొండు పోగయ్యాయి. చాలా రోజులు అవి పనిచేశాయి. కొన్ని రోజులు మాత్రం, చేయకుండానే రాశానేమో అని కొత్త అనుమానం వచ్చేది. అలాంటప్పుడు పుస్తకం మూసి, సైకిలెక్కి గోల్‌బజార్ వెళ్లి, ఎర్రయ్య కొట్టులో ఒక టీ తాగి వచ్చేవాడు.