నిలవని కాళ్లు

బస్సు టైరు పంక్చరై, మమ్మల్నందరినీ కిందికి దింపేశారు. కల్వర్టు గోడ మీద నా పక్కన కూర్చున్న మనిషి చేతిలో టీ గ్లాసుంది. టీ మీద మీగడ కట్టింది గానీ అతను తాగలేదు. దెబ్బ తగిలినవాడు నొప్పి ఇంకా తెలియకముందు ఎలా చూస్తాడో అలా చూస్తున్నాడు. ఊళ్లు పట్టుకు తిరిగే నాకు ఆ చూపు కొత్త కాదు. వరదల్లో చూశాను, కోర్టు మెట్ల మీద చూశాను. టైరు మార్చడానికి ఆగిన చోట చూడటం మాత్రం అదే మొదలు.

"టీ చల్లారిపోయింది నాయనా" అన్నాను.

"వాడికి ఏమని చెప్పను పెద్దాయనా?" అన్నాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. బతుకంతా లిఫ్టు గుంటల్లో, గ్రీజు పట్టిన ఇనుప తాళ్ల మధ్య గడిచింది. చీకట్లో పని అలవాటే గానీ, కొన్నేళ్ల కిందట ఆ చీకటి అతని లోపలికే దిగింది. పనికి బయలుదేరి, చెప్పులేసుకుని, గుమ్మం దగ్గరే పొద్దు గూకేదాకా కూర్చుండిపోయేవాడు. డాక్టర్లు ఒక మాత్ర ఇచ్చారు, అది మార్చి ఇంకొకటి ఇచ్చారు. దిగులు దేనికీ లొంగలేదు. "ఊరందరినీ పైకెక్కిస్తావు, నువ్వెప్పుడెక్కుతావురా?" అని బావ వేళాకోళమాడాడు. అక్క మాత్రం మొగుడి నోరు మూయించి, తమ్ముణ్ని వెంటబెట్టుకెళ్లి ఒక ఆసుపత్రి పరిశోధనలో చేర్పించింది.

ఆ పరిశోధనల తీరు నాకూ కొంత తెలుసు. దేశదిమ్మరికి పని తక్కువ, చదువు ఎక్కువ. మొండికేసిన దిగులుకు పాత మందు మానకుండానే, దానికి తోడుగా ఒక గొట్టం మాత్ర ఇస్తారు. కొందరి మాత్రలో అసలు మందు, మిగతావారి దాంట్లో ఉత్త పిండి. ఎవరిది ఏదో మింగేవాడికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. మనిషి ఆశకు ఎంత సులువుగా లొంగుతాడో బాగా ఎరిగినవాడెవడో పెట్టి ఉంటాడు ఈ కట్టుబాటు.

ఆసుపత్రి వరండాలో మెకానిక్కుకు ఒక దర్జీతో స్నేహం కుదిరింది. అతనిదీ అదే జబ్బు. చొక్కా జేబులో ఎప్పుడూ బొత్తాలు గలగలమంటుండేవి కాబట్టి ఇతను అతనికి బొత్తాం అని పేరు పెట్టాడు. ఇద్దరికీ ఒకటే కాలక్షేపం, ఎవరికి అసలు మందు పడిందో ఊహించడం. అలా ఊహించుకోవద్దని డాక్టరు ముందే చెప్పాడు. వద్దన్న పని చేయకుండా ఉంటే మనం మనుషులం ఎందుకవుతాం.

కొన్ని వారాలకు మెకానిక్కు తేలికపడ్డాడు. నిద్ర పట్టింది. తాళ్లకు గ్రీజు పెడుతూ ఈల వేస్తుంటే, ఆ ఈల ఎవరిదా అని తనే వెనక్కి తిరిగి చూశాడట. బొత్తాం మాత్రం బల్ల మీద కుదురుగా కూర్చోలేకపోయేవాడు. కుట్టుమిషను తొక్కుతున్నట్టు కాళ్లు ఆడుతూనే ఉండేవి. మిషను కొట్లో పెట్టి రావయ్యా అని మెకానిక్కు వరండా అంతటినీ నవ్వించాడు. ఒకరోజు బొత్తాం నవ్వలేదు. "అన్నా, నిజం చెప్పు. నాది ఉత్తదే కదూ?" అన్నాడు.

"నన్ను చూడు. మందు పడితే మనిషి ఇలా ఉంటాడు. నీది పిండేరా. ఎందుకు ఊరికే బస్సుల్లో నలుగుతావు?"

జాలిపడి అన్న మాటే. మరుసటి వారం నుంచి దర్జీ రాలేదు. ఫోను చేస్తే భార్య ఎత్తి, మంచం దిగడం లేదన్నయ్యా అంది. ఆ తర్వాత ఎత్తడమే మానేసింది.

పరిశోధన ముగిసిందని మెకానిక్కును, మా బస్సు ఆగిన ఆ రోజు ఉదయమే పిలిచారు. నీకిచ్చింది ఉత్త పిండేనని డాక్టరు చెప్పాడు. తగ్గడం మాత్రం నిజమేనని, పాత మందో, వారం వారం వచ్చి మాట్లాడిపోవడమో, కాలమో, ఏది పనిచేసిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేమని, పాత మాత్రలు మాత్రం మానొద్దని అన్నాడు. మెకానిక్కు నవ్వబోయాడట. అంతలో డాక్టరు మాటవరసకు ఇంకో సంగతి చెప్పాడు. అసలు మందు పడినవాళ్లలో కొందరికి కాళ్లు ఒకచోట నిలవక ఆడుతూనే ఉండేవట. వచ్చి చెప్పుకున్నవాళ్లకు మోతాదు తగ్గిస్తే సర్దుకుంది. వాళ్లలో చాలామంది తేరుకున్నారు కూడా.

"నాకు బొత్తాం కాళ్లు గుర్తొచ్చాయి పెద్దాయనా" అన్నాడతను. "తాడు తెగితే లిఫ్టును బ్రేకు పట్టుకుంటుంది. నా నోటిని ఏది పట్టుకుంది?"

ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పే అలవాటు నాది. "అతనిది అసలు మందేనని నువ్వు గట్టిగా చెప్పలేవు కదా" అన్నాను.

"ఆ రోజు గట్టిగానే చెప్పానుగా."

టైరు మార్చారు. బస్సులో మళ్లీ పక్కపక్కనే కూర్చున్నాం. అతని టికెట్టు చివరి స్టాపుకు. దారిలో దర్జీ ఉండే వీధి వస్తుందని చెప్పాడు గానీ, దిగుతానని అనలేదు. మౌనం భరించలేని రోగం నాది. ఎప్పుడో ఒక రేవులో, పడవలకు తప్పుడు దీపం చూపించిన కాపలావాడు ఏం చేశాడో చెప్పడం మొదలుపెట్టాను. కథ సగంలో ఉండగా బస్సు ఆగింది. అతను నా మోకాళ్లను తప్పించుకుంటూ లేచి, కండక్టరు ఇది నీ స్టాపు కాదంటున్నా వినకుండా దిగిపోయాడు. నావైపు చూడనైనా లేదు.

వీధి మలుపులో సగం దించిన షట్టరు ఒకటి కనిపించింది. పైన చొక్కా బొమ్మ వేసిన బోర్డు ఉంది. అతను దాని ముందు కాసేపు నిలబడి, నడుము వంచి కిందనుంచి లోపలికి దూరాడు. లోపల మిషను చప్పుడు ఉందో లేదో, మా ఇంజను రొదలో నాకు వినబడలేదు.