పదకొండో పేపరు

ఉయ్యూరు శాఖా గ్రంథాలయంలో చేరి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో అక్కడ నేను గొంతెత్తి అన్న మాట ఒక్కటే, "నెమ్మదిగా అండీ." అలాంటి నన్ను విజయవాడలో లైబ్రేరియన్ల సదస్సుకి వెళ్లి పేపరు చదవమన్నారు మా పై అధికారి. రాయడం వరకూ హాయిగానే ఉంది. పాఠకులు పుస్తకాల్లో మరిచిపోయే వస్తువుల గురించి రాశాను. దొరికినవాటిని దొరికినట్టు డైరీలో ఎక్కించే అలవాటు నాకు ముందునుంచీ ఉంది. దాన్ని నలుగురిలో నిలబడి చదవడమే నావల్ల కాని పని.

కార్యక్రమాల పట్టిక చూశాక ప్రాణం కుదుటపడింది. భోజనానికి ముందు పదకొండు పేపర్లు, నాది పదకొండోది. మన సభల్లో చివరివాళ్లదాకా టైము ఎప్పుడు మిగిలింది గనక? "సమయాభావం వల్ల" అని ఓ మాట అనేస్తారు. సర్టిఫికెట్ పుచ్చుకుని బస్సెక్కేస్తాను. అదీ నా పథకం.

బెంజ్ సర్కిల్‌లో దిగి పటమట వైపు నడిచి హాలు చేరేసరికి లోపల పెళ్లివారిల్లులా ఉంది. ఏడాది పొడవునా ఊళ్లోవాళ్లని మాట్లాడొద్దనేవాళ్లంతా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికి తీశారు. గుమ్మం పక్కన పుస్తకాల స్టాలాయన తల పట్టుకు కూర్చున్నాడు.

"మీకు దణ్ణం పెడతానండీ, చూడండి, కొనకపోయినా పర్లేదు, సర్దకండి! పొద్దున్నుంచి మూడుసార్లు వరసలు మార్చేశారు. నా పుస్తకాలు నాకే దొరకట్లేదు."

నవ్వుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

నా పేపరు ఇవ్వడానికి వేదిక దగ్గరికి వెళితే అక్కడ ఎవరూ లేరు. బల్లమీద మిగతా పది పేపర్లూ ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పడున్నాయి. భయమేస్తే నా చేతులు ఊరుకోవు. అంచులు సరిచేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. మా లైబ్రరీలో చేసినట్టే, నాది కూడా కలిపి, రాసినవాళ్ల ఇంటిపేర్లు చూసి అక్షరక్రమంలో పేర్చి, తృప్తిగా వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాను.

మా ఇంటిపేరు 'అ'తో మొదలవుతుందన్న సంగతి, అధ్యక్షులవారు అన్నిటికంటే పైనున్న పేపరు తీసి నా పేరు పిలిచినప్పుడు గుర్తొచ్చింది.

"లేమ్మా, నిన్నే," అన్నారు పక్కన కూర్చున్న పెద్దావిడ. మా జిల్లాలోనే ఇంకో లైబ్రరీ ఆవిడది.

"నాది పదకొండోదండీ."

"అయితే వెళ్లి ఆయనకి చెప్పు. మైకులో."

వెళ్లాను. మొదటి పేజీ ఎలా చదివానో నాకే తెలీదు. రెండో పేజీలో ఉండగా వెనకనుంచి ఎవరో అరిచారు.

"గట్టిగా చదవండి మేడమ్! ఇది లైబ్రరీ కాదు!"

హాలంతా ఘొల్లుమంది. ఏం చిత్రమో, ఆ నవ్వులోంచే నా గొంతు లేచింది. యోగా పుస్తకంలో నూనె మరకల పునుగుల కాగితం గురించి చదివాను. జ్ఞాపకశక్తి పెంచుకునే పుస్తకంలో దొరికిన ఆధార్ కార్డు గురించి, దాన్ని తిరిగిస్తే ఆ పుస్తకం ఇంకో వారం ఉంచుకుంటానన్న పెద్దాయన గురించి చదివాను. పెద్దావిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

నేను దిగాక అధ్యక్షులవారు నా పేపరు ముందేసుకుని, మిగతావాళ్లు చదువుతున్నంతసేపూ తిరగేస్తూనే ఉన్నారు. చివరి ఇద్దరి వంతూ సమయాభావంలో కొట్టుకుపోయింది. నా మూలంగానే కదా అని తప్పుచేసినట్టనిపించింది. వాళ్లలో ఒకాయన మొహం వెలిగిపోవడం చూశాక ఆ బాధ తగ్గింది.

సభ ముగిశాక నా పేపరు నాకిచ్చేశారు. భోజనాల వరసలో నిలబడి ఊరికే తెరిచాను. మూడో పేజీలో భోజనం కూపన్. నాది నా చేతిలోనే ఉంది. తలెత్తి చూస్తే, వరసకి ఆ చివర అధ్యక్షులవారు జేబులన్నీ తడుముకుంటున్నారు. కూపన్ లేనిదే ప్లేటివ్వనని వడ్డించే ఆయన పట్టుబట్టాడు.

లైబ్రరీలో అయితే ఇలాంటివి మాట్లాడకుండా కౌంటర్ మీద పెట్టేసి తలదించుకుంటాను. ఇక్కడ కౌంటర్ లేదు. అందర్నీ దాటుకుంటూ వెళ్లాను.

"సార్, మీ కూపన్."

"ఎక్కడ దొరికిందమ్మా?"

"మూడో పేజీలోనండి."

ఆ గోలలో వినపడక ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మూడో పేజీలో సార్! అక్కడిదాకా చదివి గుర్తుకి పెట్టుకున్నారు!"

అవతల పెరుగు వడ్డిస్తున్నావిడ కూడా గరిటె ఆపి నా వైపు చూసింది.