నేను మ్యాపు గీసి గెలిపించిన దారి

మొన్న సోమవారం నేను గెలిచాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మొత్తం విన్నాక చెబితే మీరు నమ్మరు. అర్జీ పెట్టాను, అధికారి వింది, అడిగింది ఇచ్చింది. గెలిచినవాడి మొహం ఇలాగే ఉంటుందా అని మా అమ్మ రోజూ అడుగుతోంది. మీరైనా ఆ టీ చల్లారకముందు తాగేయండి, తర్వాత తాగబుద్ధి కాదు.

మా ఊరు చాట్రాయి రోడ్డు మీద. కూలీల కాలనీ నుంచి రోడ్డెక్కాలంటే మా పెదనాన్న మామిడి తోటలోంచి నడిచి రావాలి. ఎన్నేళ్ళుగా నడుస్తున్నారో ఎవరికీ తెలీదు. పొద్దున ఆరింటికి కూలీల ఆటో రోడ్డు మీద ఆగుతుంది, మేస్త్రీ ఎవరికోసమూ ఎదురుచూడడు. తోటలోంచి అయితే పది నిమిషాలు. ఈ ఏడు పెదనాన్న తోటని విస్సన్నపేట వైపు వ్యాపారి ఒకాయనకి గుత్తకిచ్చాడు. అంటే చెట్లు మావాళ్ళవి, ఈ సీజను కాపంతా ఆయనది. ఆయన రాగానే చేసిన మొదటి పని చుట్టూ ముళ్ళకంచె వేయించడం. ఇక కాలనీవాళ్ళు కాలువగట్టు మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ముప్పావు గంట. నాగమణికి మోకాళ్ళ నొప్పులు. మొదటి వారంలోనే మూడుసార్లు ఆటో తప్పిపోయింది. నాలుగోసారి తప్పితే ఇంక రావద్దని మేస్త్రీ చెప్పేశాడు.

నాగమణి అంటే మా వైపు కోతల ముఠాలో పెద్దది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. ఇప్పటికీ చిన్నబాబూ అనే పిలుస్తుంది. ఆ పిలుపు భూస్వామ్య అవశేషం, మానెయ్యమని ఒకసారి అరగంట కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విని, "అలాగే చిన్నబాబూ" అంది.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. పుస్తకాలు బాగానే చదివాను, కోపం అంతకన్నా బాగా చదివాను. దున్నేవాడిదే భూమి అన్న పాత నినాదం కింద, నడిచేవాడిదే దారి అని నా సొంతం ఒకటి చేర్చి గోడమీద రాద్దామనుకున్నాను. కానీ గోడమీద రాతకి తహసీల్దారు జవాబివ్వదు. ఆధారం కావాలి. అప్పుడే విజయవాడలో జీఐఎస్ మీద రెండు రోజుల ట్రైనింగ్ ఉందని తెలిసింది. కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పైగా ఉచితం. దొరలూ సర్కార్లూ మ్యాపులు గీసే మన నేల లాక్కున్నారు, మనమూ మ్యాపు గీసే వెనక్కి తీసుకోవాలి అనుకుంటూ బస్సెక్కాను. దారిలో ఈ వాక్యం ఎంత బాగుందో అని రెండుసార్లు డైరీలో రాసుకున్నాను.

ట్రైనింగులో మొదటిరోజు చెప్పిందేంటంటే, లోకంలో ఉన్నవన్నీ మూడే రకాలు. చెట్టూ బోరూ అయితే చుక్క, దారీ కాలువా అయితే గీత, తోటా చేనూ అయితే చుట్టూ మూసిన ముక్క. ఒక్కో రకాన్ని ఒక్కో పొరలా ఒకదానిమీద ఒకటి పరుస్తాం. ఇంతే. ఇంత సులువైన విద్యని మూడు వందల ఏళ్ళు మన దగ్గర దాచారా అని నాకు పళ్ళు పటపటలాడాయి.

ఇంటికొచ్చి నోట్‌బుక్కు పట్టుకుని కాలనీ మొదలు కంచె దాకా నడిచి, ఫోన్లో కనపడిన అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నాను. వాటిని టేబుల్లో ఎక్కించి సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. తెరంతా తెల్లగా ఉంది. చుక్కలున్నాయని చెబుతోంది, కనపడవు. ఒక పూటంతా వెతికాను. తీరా చూస్తే మా కాలనీ నార్వేకి పైన, మంచు సముద్రంలో ఉంది. మనం నోటితో అక్షాంశం ముందు చెబుతాం, ఆ సాఫ్ట్‌వేర్ రేఖాంశం ముందు అడుగుతుంది. రెండూ తారుమారు చేసి కాలనీని మొత్తం ఉత్తరధ్రువం దాకా తరలించేశాను. నాగమణికి తెర చూపించి సంగతి చెబితే చాలాసేపు ఆ తెలుపుని చూసి, అక్కడ ఎండ ఉండదు కదా, అని మాత్రం అంది. ఆవిడ గొంతులో ఆశ వినపడింది.

దాంతో నాకు జ్ఞానోదయమైంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. దారి వాళ్ళది, నడక వాళ్ళది, గీత మాత్రం నేనెందుకు గియ్యాలి? ప్రజల మ్యాపు ప్రజలే గియ్యాలి. మనిషి నడిచిన బాటని ఫోను తనంతట తనే రికార్డు చేసే యాప్ ఒకటి ఉంది. ఎక్కడైనా నిమిషానికి మించి ఆగితే అక్కడో చుక్క పెట్టి, ఎంతసేపు ఆగారో కూడా రాసిపెడుతుంది. ఆ యాప్ ఆన్ చేసి ఫోను నాగమణి చేతికిచ్చాను. గుత్తకి తీసుకున్నాయన పెట్టిన కాపలా మనిషి పొద్దున చద్దన్నానికి వెళ్ళిన వేళ చూసి, కంచె కింది తీగని చెప్పుతో తొక్కిపట్టాను. ఆవిడ వంగి దూరింది. నువ్వూ రా చిన్నబాబూ అంటే రానన్నాను. నా నీడ పడితే సర్వే కలుషితమవుతుంది. కంచె రాకముందు రోజూ ఎలా నడిచేదానివో సరిగ్గా అలాగే నడువు, ఒక్క అడుగు కూడా మార్చకు అని గట్టిగా చెప్పాను. ఫోను బొడ్లో దోపుకుని వెళ్ళింది.

నేను కాలువగట్టు చుట్టూ తిరిగి రోడ్డు మీదకి వెళ్ళి నిలబడ్డాను. పది నిమిషాల దారి కదా, నాగమణి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. పాపం మోకాళ్ళు అనుకున్నాను. కొంగు ఒడి కట్టుకుని వచ్చింది, ఒడి నిండుగా ఉంది. అదీ చూశాను. ముందురోజు సాయంత్రం గాలి వీచింది. గాలికి రాలిన కాయలు ఏరుకున్నవాళ్ళవి అన్నది మా వైపు ఎవరూ పైకి చెప్పరు, ఎవరూ కాదనరు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి ఇప్పుడూ చూసి ఊరుకున్నాను. కాయలకీ మ్యాపుకీ సంబంధం ఏంటి?

ఇంటికెళ్ళి రికార్డు తెరిచాను. గీత తిన్నగా లేదు. ఇటు వెళ్ళింది, అటు తిరిగింది, వెనక్కొచ్చి మళ్ళీ ముందుకెళ్ళింది. పద్నాలుగు చోట్ల చుక్కలు. నాకు ఒళ్ళు పులకరించింది. తిన్నని గీత పాలకుల భాష, వంకర గీత ప్రజల భాష అని అర్ధరాత్రి దాకా కూర్చోకుండానే, మధ్యాహ్నం అన్నం ముందే తేల్చేశాను. చుక్కలు విశ్రాంతి స్థలాలని రాశాను. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు పద్నాలుగు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంటే తప్ప దాటలేని దారిని ముళ్ళతో మూశారు అని కింద ఒక పేరా. ట్రైనింగులో రెండో రోజు నేర్పిన విద్య ఒకటి మిగిలిపోయింది, అంకెని బట్టి చుక్క సైజు మార్చడం. అదీ వాడాను. ఎక్కువసేపు ఆగితే పెద్ద చుక్క, తక్కువసేపు ఆగితే చిన్న చుక్క. ఎరుపు రంగు. ఉత్తరం బాణం, కొలబద్ద, గుర్తుల పట్టిక అన్నీ పెట్టాను. శ్రమ ఎవరిదో పేరూ వాళ్ళదే ఉండాలి కాబట్టి కింద కుడిమూల లావు అక్షరాలతో 'సర్వే: నాగమణి' అని వేశాను. నూజివీడు వెళ్ళి పెద్ద సైజులో కలర్ ప్రింటు తీయించాను.

సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నాగమణి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. కబురు పెట్టారని పెదనాన్నా, గుత్తదారూ వచ్చారు. పెదనాన్నకీ నాకూ మాటల్లేవు. తహసీల్దారు మేడం మ్యాపు బల్ల మీద పరిపించి, ఇంత శుభ్రంగా తన సర్వేయరు కూడా ఇవ్వడంది. నా జీవితంలో ఒక అధికారి పొగడ్తకి అంత సిగ్గుపడటం అదే మొదలు. ఈ ఎర్రచుక్కలేంటని అడిగింది. విశ్రాంతి స్థలాలని, మోకాళ్ళ సంగతీ చెప్పాను. ఆవిడ తల ఊపింది. దారి ఉన్నట్టే కనపడుతోందంది. కథ అక్కడ ఆగి ఉంటే ఈపాటికి నేను ఇంకో నినాదం రాసుకుంటూ ఉండేవాణ్ణి.

పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని మ్యాపు మీదికి వంగాడు. బోరు ఉన్న మూల నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. రెండో చుక్క దగ్గర వేలు ఆగింది. తలెత్తి నాగమణి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మ్యాపు చుట్టి తీసెయ్యబోయాడు. సరేలే మేడం, కుర్రాడు కష్టపడ్డాడు, దారి సంగతి మనం మాట్లాడుకుందాం అన్నాడు. శత్రువు వెనకడుగు వేస్తున్నాడని నాకు అర్థమైంది. అసలు అర్థమైంది అదొక్కటే. వెనకడుగు వేస్తున్నవాణ్ణి వదలకూడదని చదివాను కదా. ఉండండి మేడం, ఎంత కచ్చితంగా ఉందో చూపిస్తానని లాప్‌టాప్ తెరిచి, గీత కింద ఉపగ్రహ చిత్రం పొర పరిచాను. పైనుంచి చూస్తే ప్రతి మామిడిచెట్టూ గుండ్రంగా, పచ్చగా. ప్రతి ఎర్రచుక్కా ఒక చెట్టు నడినెత్తిన. పద్నాలుగుకి పద్నాలుగు. ఒక్క అడుగు కూడా తేడా లేదు.

గుత్తదారు అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాడు. లేచి వచ్చి నిలబడ్డాడు. గుత్త మాట్లాడుకునేముందు చెట్టు చెట్టుకీ కాపు అంచనా కట్టిన మనిషి.

"ఇది చిన్నరసం," అన్నాడు. "ఇదీ చిన్నరసమే. ఇది బంగినపల్లి. మధ్యలో నాలుగు కలెక్టరు చెట్లున్నాయి, జ్యూసుకి పోయే చవకరకం, వాటి దగ్గర మాత్రం ఎవరికీ ఆయాసం రాలేదండీ. ఈ పెద్ద చుక్క చూడండి, తోట మొత్తంలో బాగా కాసిన చెట్టు. ఎనిమిది నిమిషాలు విశ్రాంతి."

గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. గుత్తదారు కుడిమూలకి వంగి, సర్వే నాగమణి అని పైకి చదివి, నాగమణి ఎవరని అడిగాడు. నాగమణి చేతిలో కొంగు నలుపుతోంది. ఆవిడ తరఫున మాట్లాడింది పెదనాన్న ఒక్కడే. రాలినవి ఏరుకోమన్నది నేనేనండీ, ఆవిడ తప్పేం లేదు అన్నాడు. తోట గుత్తకిచ్చాక రాలినా చెట్టునున్నా నావే కదండీ అన్నాడు గుత్తదారు, మర్యాదగానే. పెదనాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

పోలీసు కేసు మాట రాకుండా మేడం త్వరగా తేల్చేసింది. దారి ఇవ్వాల్సిందే. తూర్పు గట్టు వెంబడి తిన్నగా ఇవ్వండి, రెండు పక్కలా మనిషెత్తు జాలీ కట్టుకోండి, ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదు అంది. గుత్తదారు వెంటనే ఒప్పుకున్నాడు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి ఆ మ్యాపు కాపీ ఒకటి ఇప్పించమన్నాడు. గాలి వీచిన మర్నాడు ముందు ఏ చెట్ల కిందికి వెళ్ళాలో కాపలా మనిషికి తెలియడం లేదట.

ఆఫీసు మెట్ల మీద పెదనాన్న ఆగాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"ఒరేయ్, వాళ్ళు ఏరుకుంటారని నాకు తెలుసురా," అన్నాడు. "మా నాన్నకీ తెలుసు. తెలిసి ఇంకోవైపు చూసేవాళ్ళం. నువ్వు దాన్ని కాగితం మీద పెట్టావు. ఇంక నేనెటు చూడను?"

చుట్టిన మ్యాపుని నా చంకలో దోపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దారి నాలుగు రోజుల్లో తయారైంది. జాలీ మెరుస్తోంది. నాగమణికి ఇప్పుడు ఆటో తప్పడం లేదు, ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. పది నిమిషాలు కూడా పట్టదు, ఎక్కడా ఆగే పని లేదు కదా. మొన్న శుక్రవారం పెద్దగాలి వచ్చింది. మర్నాడు పొద్దున్నే నేనూ వాళ్ళ వెంట నడిచాను. జాలీకి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నేలంతా కాయలు. ఐదుగురూ తలలు తిప్పకుండా నడిచారు. ఏడాది పొడుగునా వాళ్ళ పప్పులోకీ పులుసులోకీ వాడే ఒరుగులు ఆ కాయలవే. కోసి, ఉప్పేసి, ఎండబెట్టుకుంటారు. ఇంకో అర్జీ పెడదామా అని నాగమణిని అడిగాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి చిన్నబాబూ, తొందరగా నడువు అంది.

ఆ సాయంత్రం గుత్తదారు మనిషి మా ఇంటికి ఒక గోనెసంచి తెచ్చి దింపాడు. మ్యాపు బాబుగారికి ఇమ్మన్నారట. రాలిన కాయలు, నిండా. నేను సంచిని అలాగే స్కూటర్ మీద పెట్టుకుని కాలనీకి తీసుకెళ్ళి నాగమణి గుమ్మంలో దించాను. ఆవిడ సంచి మూతి విప్పి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. వీధి ఆ చివరా ఈ చివరా చూసింది.

"వీటికి కాగితం ఉందా చిన్నబాబూ?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. లేదన్నాను. అయితే తీసుకెళ్ళిపొమ్మంది, ఎవరైనా చూస్తారని.

తీసుకొచ్చాను. ఇంత మంచి కాయలు పారేసుకుంటామా అని అమ్మ ముక్కలు కోసి, ఉప్పు కలిపి, డాబా మీద దుప్పటి పరిచి ఆరబోసింది. ఊరికే ఇంట్లో కూర్చున్నావు కదా అని నన్ను పైకి పంపింది. రెండు రోజులుగా చేతిలో కర్ర పట్టుకుని ఎండలో కూర్చుని కాకుల్ని తోలుతున్నాను. అవి ఎంతసేపు కాచుకుని, ఏ మూలనుంచి వచ్చి, ఏ ముక్క దగ్గర వాలతాయో నాకిప్పుడు పూర్తిగా తెలుసు. ఎక్కడా రాసి మాత్రం పెట్టలేదు.