ఉపగ్రహానికి హద్దులు రాసిన సిద్ధప్ప

జహీరాబాద్ తహసీల్ కచేరీ గేటు పక్కన, రేకుల పంచ కింద రేవణసిద్ధప్ప ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. అర్జీలు రాయడం అతని పని. బీదర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో కన్నడం, కాగితం మీద ఉర్దూ. నిజాం పోయి, కచేరీలోకి తెలుగు వచ్చాక, ముప్పై ఆరేళ్ల వయసులో పలకా బలపం కొనుక్కొని అక్షరాలు దిద్దాడు. కచేరీ లోపల కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆ ఓపిక లేదు.

అతనికి ఒకటే గర్వం. తను రాసిన అర్జీ వెనక్కి రాదు. కాగితంలో తప్పు పట్టి వెనక్కి పంపడాన్ని కచేరీలో కొర్రీ అంటారు. ముప్పై ఏళ్లలో సిద్ధప్ప కాగితానికి కొర్రీ పడలేదు. కారణం పెద్ద విద్యేమీ కాదు. బావి తవ్వాలన్నా, గోడ కట్టాలన్నా, చెట్టు కొట్టాలన్నా ముందు సర్వే నంబరు రాస్తాడు. తర్వాత తూర్పు, పడమర, దక్షిణం, ఉత్తరం ఎవరెవరి పొలాలున్నాయో రాస్తాడు. ఆ హద్దుల్లో ఉన్నవాళ్లకు కాగితం చదివి వినిపించి, ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయిస్తాడు. పెళ్లాం కాపురానికి రావడం లేదని అర్జీ పెట్టుకున్న మనిషికి కూడా ఇంటికి నాలుగు హద్దులు రాసిచ్చాడని ఊళ్లో నవ్వుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు, రాశాడు. పెళ్లాం కూడా వచ్చింది.

ఎనభై నాలుగు డిసెంబరులో రాయికోడ్ రైతు సదాశివ తన కొడుకు జగన్‌మోహన్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. సదాశివ పట్టా కాగితం పదకొండేళ్ల కింద సిద్ధప్ప రాసిన అర్జీతోనే కదిలింది. కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు పాఠాలు చెబుతాడు. ప్యాంటుకు దుమ్ము అంటుతుందని నిలబడే మాట్లాడాడు.

"కాకా, మేమొక ఉపగ్రహం తయారు చేసినం. గింత డబ్బ" అని రొట్టెల గంపంత చేతులతో చూపించాడు. "పైన తిరుగుకుంట భూమి ఫోటోలు తీస్తది. ప్రయోగం అన్నట్టు. పరదేశపు రాకెట్టుల జర జాగ ఇస్తమన్నరు. మార్చి ఆఖరు లోపల మన సర్కారు అనుమతి చూపెట్టాలె. లేకుంటే ఆ జాగ ఇంకొకరికి పోతది. ఆరేండ్ల పని కాకా. ఢిల్లీ నుంచి మూడుసార్లు కాగితం వాపస్ వచ్చింది."

సదాశివ అందుకున్నాడు. "నేనే తోలుకొచ్చిన సిద్ధప్పా. ఇంగ్లీషుల మస్తు పెద్దగ రాసిండు. పెద్దగ రాస్తే ఏం ఫాయిద?"

సిద్ధప్ప కళ్లజోడు తుడుచుకున్నాడు. ఉపగ్రహం అంటే ఏమిటని అడగలేదు. "ఏ జాగ ఫోటో తీస్తదని రాసినవ్ బేటా?"

"భూగోళమంతా."

"భూగోళమంతా!" సిద్ధప్ప కలం కింద పెట్టాడు. "ఢిల్లీల ఒక మనిషి కూసోని దస్తఖత్ వెట్టాలె. భూగోళమంతకు దస్తఖత్ వెట్టుమంటే ఎవని చెయ్యైనా వణుకదా? ఒక్క సర్వే నంబరు చెప్పు. హద్దులు చెప్పు."

జగన్‌మోహన్ నవ్వాడు. "ఆకాశానికి హద్దులేంది కాకా?"

"ఆకాశం నీదేనాయె, నేనడుగుతలేను. నేల ఎవరిదో చెప్పు."

అప్పుడే సద్ది తెచ్చిన సిద్ధప్ప భార్య మహాదేవమ్మ జొన్నరొట్టెల మూట కింద పెడుతూ అంది. "భూమ్మీద అర్జీలు అయిపోయినయా, ఇగ ఆకాశంల మొదలువెట్టిన్రా? గా చుక్కలకు గూడ రేషన్ కార్డులు రాసియ్యిన్రి, తిన్నంక."

జగన్‌మోహన్‌కు వేరే దారి లేదు. మూడుసార్లూ ఢిల్లీ తిప్పి పంపింది. రాయికోడ్‌లో తండ్రిదే నాలుగెకరాల అల్లం పొలం ఉంది, దాని సర్వే నంబరు చెప్పాడు. సిద్ధప్ప కచేరీలో పాత నక్షా చూసి, తన అలవాటు ప్రకారం రాశాడు. తూర్పు లక్ష్మమ్మ చెలక. పడమర బండ్ల బాట. దక్షిణం మాణిక్ మడి. ఉత్తరం వీరన్న పొలం, మాణిక్ మడి గట్టు నుంచి నూట పది గజాల దగ్గర హద్దురాయి. దాని కింద జగన్‌మోహన్ అంతా ఇంగ్లీషులో టైపు చేయించాడు. ఇక మిగిలింది పక్క పొలాల వాళ్ల ఒప్పుదల.

"గిదెక్కడి చోద్యం కాకా? ఢిల్లీవాళ్లు పక్కోళ్ల వేలిముద్రలు అడగలే."

"అడిగే దాక ఆగితే మార్చి అయిపోతది."

జనవరి ఆఖరులో ముగ్గురూ బస్సెక్కి రాయికోడ్ వెళ్లారు. లక్ష్మమ్మ కలుపు తీస్తూనే ఎడమ చెయ్యి చాపింది. "ఫోటోల నా ఎద్దులు వస్తయా?" అని మాత్రం అడిగింది. రావన్నారు. అయినా వేసింది. మాణిక్ సంతకం నేర్చినవాడు, ఇష్టంగా రెండుసార్లు పెట్టాడు. బాటకు చెయ్యి లేదు. ఇక వీరన్న.

వీరన్నకూ సదాశివకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. మధ్యలో ఉన్న హద్దురాయి ఒక వానాకాలం, నక్షాలోని నూట పది గజాల చోటు నుంచి సదాశివ పొలంలోకి నాలుగు గజాలు జరిగింది. ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు. వీరన్న గట్టు మాత్రం ఆ ఏడు వెడల్పయింది. అందుకే సదాశివ బాట మీదే నిలబడిపోయాడు. మిగిలిన ఇద్దరే పొలంలోకి దిగారు.

"వెయ్య" అన్నాడు వీరన్న, విషయం వినకుండానే. విన్నాక ఇంకా గట్టిగా అన్నాడు. "నాకు తెల్వదనుకున్నవా సిద్ధప్పా? పైకెళ్లి నా గట్టు ఫోటో తీసి కోర్టుల వెడ్తరు. మీ ఉపాయం మంచిగనే ఉంది. నేను వెయ్య."

జగన్‌మోహన్ భూమి గుండ్రంగా ఉంటుందన్న దగ్గర మొదలుపెట్టి చాలా చెప్పాడు. వీరన్న తొండను చూసినట్టు చూశాడు. మూడు వారాలు, మూడుసార్లు బస్సెక్కారు. మూడుసార్లూ అదే మాట. ఫిబ్రవరి సగం అయిపోయింది. నాలుగోసారి జగన్‌మోహన్ విసిగి, గట్టు మీద కూలబడ్డాడు. ప్యాంటుకు దుమ్ము అంటింది.

"మామా, మా డబ్బకు అంత మంచి కన్ను లేదే! రాయికోడ్ మొత్తం నాలుగు చుక్కలు కనపడ్తది. ఇగ నీ గట్టెక్కడ?"

వీరన్న చుట్ట తీసి పట్టుకున్నాడు. "గట్టు కనపడదా?"

"కనపడదు."

"హద్దురాయి?"

"నీ ఇల్లే కనపడదు, రాయేంది?"

"ఒట్టు?"

"ఒట్టు."

వీరన్న చుట్ట పడేసి, సిద్ధప్ప చేతిలోని సిరా డబ్బా తానే లాక్కున్నాడు. సిద్ధప్ప ఆపాడు. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించే అలవాటు అతనికి లేదు. నాలుగు హద్దులూ, నూట పది గజాలతో సహా, ఒక్కో మాటా ఆగి చదివాడు. వీరన్న ముఖం అప్పటికే వెలిగిపోతోంది. ఏం విన్నాడో అతనికే తెలియాలి. "ఆఁ, సరే, సరే" అని బొటనవేలు నొక్కాడు.

రాయి సంగతి వీరన్నను అంతవరకూ ఎవరూ అడగలేదు. అతనే ఎత్తాడు. సిద్ధప్ప గమనించాడు, సిరా డబ్బా మూత పెట్టాడు. సదాశివతో ఇప్పుడంటే గొడవ మొదలవుతుంది, గొడవైతే ఒప్పుదల పోతుంది, ఒప్పుదల పోతే మార్చి పోతుంది. తనకు అప్పజెప్పిన పని అర్జీ. బస్సులో జగన్‌మోహన్ "గింత జల్ది ఎట్ల ఒప్పుకున్నడు కాకా?" అని అడిగితే "నువ్వు మంచిగ చెప్పినవ్ బేటా" అన్నాడు.

మార్చి ఇరవై ఆరున జగన్‌మోహన్ బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఢిల్లీ నుంచి అనుమతి వచ్చింది. కొర్రీ లేదు. ఒక షరతు మాత్రం ఉంది. జతపరచిన కాగితంలోని హద్దుల మీదుగా పోయేటప్పుడు మాత్రమే కెమెరా తెరవాలి.

"చూసినవా కాకా? భూగోళమంతా తిరుగుతది. కన్ను తెరిచేది మా బాపు నాలుగెకరాల మీదనే!"

"నీకు ఎన్ని ఫోటోలు కావాలె?"

జగన్‌మోహన్ ఆలోచించాడు. "ప్రయోగానికి ఒక్కటి మంచిది వస్తే చాలు."

"మరింకేంది? ఫికర్ జెయ్యకు. రాకెట్టోళ్లకు తార్ గొట్టు."

అనుమతితో పాటు హద్దుల కాగితం కూడా గుండ్రటి ముద్రతో తిరిగి వచ్చింది. సదాశివ నకలు అడిగాడు. సిద్ధప్ప ఇచ్చాడు, అడిగినవాడికి నకలివ్వడం కూడా పనే. సదాశివ ఉత్తరపు హద్దు దగ్గర వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నాడు, కింద వీరన్న బొటనవేలు చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నకలు రాయికోడ్‌లో ఎవరెవరు చూశారో గానీ, మృగశిర దాటి దుక్కులు మొదలయ్యేసరికి హద్దురాయి పాత చోట ఉంది. ఎవరు జరిపారో ఈసారి కూడా ఎవరూ చూడలేదు.

అదే ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కచేరీ బోర్డు మారింది. రేకుల పంచ మారలేదు. మరుసటి ఏడాది రాకెట్టు పైకి పోయింది, డబ్బా తిరిగింది, జగన్‌మోహన్ ఒక ఫోటో తెచ్చి సిద్ధప్పకు ఇచ్చాడు. బూడిద రంగు మీద మంజీర నది తెల్లటి దారంలా వంకర తిరిగి ఉంది. దాని పక్కన నాలుగు చుక్కలు. మహాదేవమ్మ చూసి "ఇంతకన్న నా పెనం మీద రొట్టె నయం" అంది.

వారం తిరగకముందే వీరన్న ఒక్కడే గేటు దగ్గరికి వచ్చాడు. ఫోటో అడిగి తీసుకొని, ఎండకు పెట్టి, తిప్పి, వెనక కూడా చూశాడు.

"సిద్ధప్పా, ఇందుల రాయి కనపడ్తలేదు గదా?"

"కనపడదని నీకు ముందే చెప్పిన్రు."

"మరి నేనెందుకు వాపస్ జరిపిన?"

సిద్ధప్ప ఫోటో తీసుకొని పెట్టెలో అర్జీల అడుగున పెట్టాడు. "నువ్వు వేలు వెట్టింది ఫోటోకు కాదు వీరన్నా, కాగితానికి" అన్నాడు. అప్పటికే చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన ఆడమనిషి ఒకతె గోడ కట్టుకోవడానికి అర్జీ కావాలని ఎదురుగా కూర్చుంది. సిద్ధప్ప కొత్త కాగితం తీసి కలం పట్టాడు.

"చెప్పమ్మా. నీ ఇంటికి తూర్పున ఎవరున్నరు?"