కాలువ మీద గద్దె

సారు పోయారని, రాత్రి డ్యూటీలో పేపరాఫీసులో ఉన్న నాకు ఫోన్ చేసింది మా ఎదురింటి మందుల షాపాయన. తెల్లవారినా వాన ఇంకా పడుతూనే ఉంది. "మాస్టారు లేరండీ" అన్నాడు. తర్వాత, "ఇంటికి రాకండి, రాలేరు. గద్దె దగ్గరికి రండి" అన్నాడు. కారణం నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. సారు ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లున్నాయి. మనిషిని పడుకోబెట్టడానికి కాలనీలో పొడిగా ఉన్న జాగా ఆ సిమెంటు గద్దె ఒక్కటే.

ఆయన నీళ్ల వల్ల పోయారని నేను రాయను. గుండె ఆగింది. షుగరు, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. అంబులెన్సు మెయిన్ రోడ్డు దాకా వచ్చి, గల్లీలోకి దిగలేక అక్కడే నిలబడింది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఎంత అన్నది ఏ డాక్టరూ చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పను. కానీ ఆ నీళ్లు అక్కడ ఎందుకు ఆగాయో నాకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

సారు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. సరూర్‌నగర్ చెరువుకు దిగువన ఉన్న మా కాలనీలో మా రెండిళ్ల మధ్య ఒకే గోడ. సారు సొంతూరు నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. ఆయన అన్న నడుం నలభై ఏళ్లకే వంగిపోయింది. పండక్కి వచ్చినప్పుడు ఆ అన్న మా గోడ పక్కన కూర్చుని, తల ఎత్తలేక, నా చెప్పులను చూస్తూ నాతో మాట్లాడేవాడు. తమ్ముడు తెలంగాణ ఉద్యమంలోకి ఎందుకు వెళ్లాడని ఎవరైనా అడిగితే నేను ఆ అన్నను చూపించేవాణ్ని.

గ్లాసులో నీళ్లు మిగిలితే సారుకు మనసాగేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లినా, బంతి లేచాక సగం తాగి వదిలేసిన గ్లాసులు తీసి బయట కుండీల్లో పోసేవారు. "మా ఇంటాయన కట్నం చదివిచ్చుడు మర్సిపోతడు గని గ్లాసులు ఏరుడు మర్సిపోడు" అని అమ్మ, అంటే సారు భార్య, అందరి ముందే దెప్పేది. ఆయన నవ్వి ఇంకో గ్లాసు అందుకునేవారు.

వాన మొదలైతే డాబా ఎక్కి, గొడుగు లేకుండా నిలబడి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవారు. "మా చిన్నప్పుడు వాన వారం దినాలు ఇంట్ల చుట్టం లెక్క కూసునేది. ఇప్పుడు పోలీసోని లెక్క వచ్చి, కొట్టి, పోతది" అన్నారొకసారి. ముసురు అనే మాటకు అర్థం ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాల్సి వస్తోందని వాపోయేవారు. వేసవిలో మా వీధికి ట్యాంకరు రావాలి. వానాకాలంలో అదే వీధిలో నడవాలంటే ప్యాంటు మడవాలి. రెండూ ఒకే జబ్బు అని ఆయన వాదన.

ఇక కాలువ సంగతి. మా కాలనీకీ కింది బస్తీకీ మధ్య, చెరువు వైపు నుంచి మూసీ దిక్కుకు పోయే పాత కాలువ ఒకటి ఉండేది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, చెత్తతో, పందులతో ఉండేది. ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మా కాలనీ వాళ్లు వంటావార్పు పెట్టాలనుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం అప్పట్లో ఊరూరా జరిగేది. ఎల్బీ నగర్ చౌరస్తా దాకా బస్తీ ఆడవాళ్లు నడవలేరు, ఇక్కడే పెడదామన్నారు సారు. జాగా చాలదు. కాలువలో మొరం మట్టి పోసి చదును చేస్తే సరిపోతుందన్నాడు కాలనీ ప్రెసిడెంటు. ఆయనది పాత ఊరి భూస్వాముల కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. టిప్పర్లు తనవే పంపిస్తానన్నాడు. కాలువకు అవతల ఆయనకు అమ్ముడుపోని ప్లాట్లున్నాయన్న సంగతి ఆ రోజు ఎవరూ తలుచుకోలేదు.

మొదటి టిప్పరు వచ్చిన సాయంత్రం మందుల షాపాయన షటర్ సగం దించి వచ్చాడు. ఆయనది కృష్ణా జిల్లా, కాలువల కింద సాగు చేసే ఊరు. "మాస్టారూ, ఎండిపోయినా ఇది కాలవేనండీ. పూడ్చేస్తే రేపు నీళ్ళు ఎటెళ్తాయి?" అని అడిగాడు. గుంపులో ఎవరో, "ఇగో, ఆంధ్రాయన గూడ మనకు నీళ్ల పాఠం చెప్పబట్టె" అన్నారు. నవ్వులు. అందరూ సారు వైపు చూశారు.

"మా నీళ్ల సంగతి మేం జూసుకుంటం లెండి" అన్నారు సారు. "ఇన్నేండ్లు మీరు జూసింది చాలు."

చప్పట్లు మోగాయి. షాపాయన వెనక్కి వెళ్లిపోయాడు. ఇదే ప్రశ్న నల్లగొండ మనిషి అడిగి ఉంటే ఆ టిప్పరు ఆగేదని సారు తర్వాత నాతో చాలాసార్లు అన్నారు. ప్రశ్న మంచిదా కాదా అని ఎవరూ చూడలేదు, అడిగినవాడి యాస చూశారు.

వంటావార్పు ఘనంగా జరిగింది. దిల్‌సుఖ్‌నగర్ గుడి ముందు పూలమ్మే ఆమె, కింది బస్తీలో ఉంటుంది, పెద్ద గంజు తెచ్చి బగారన్నం వండింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని సారు మాట్లాడారు. మొదటి మాట దగ్గరే సగం ప్రసంగం అయిపోయింది. ఎండకు ఒకావిడ కళ్లు తిరిగి పడితే ఓఆర్ఎస్ పొట్లాలు పంపింది మందుల షాపాయనే. మా పేపర్లో పెద్ద ఫోటో వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే మొరం మీద, ప్రాణాలిచ్చిన పిల్లల పేరిట సిమెంటు గద్దె కట్టారు. ముందు నిలబడి కట్టించింది సారే.

ఉద్యమం ఇంకా నడుస్తుండగానే మొదటి పెద్ద వాన పడింది. తెల్లారి పూలామె తడిసిన గంపతో సారు గేటు దగ్గరికొచ్చింది. ఆమె అరవలేదు. "సారూ, మనం వండిన జాగ కాడ నీళ్లు ఆగినయ్. మా ఇంట్ల పొయ్యి మునిగింది" అంది. అంతే. సారు చెప్పులు కూడా వేసుకోకుండా గద్దె దాకా వెళ్లి, దాని మీద నిలబడి చూశారు. చెరువు వైపు నుంచి వచ్చిన నీళ్లు మొరానికి తగిలి, పక్కకు తిరిగి, బస్తీలోకి దిగుతున్నాయి.

అక్కడి నుంచి నేరుగా మందుల షాపుకు వెళ్లారు. తప్పు మాట్లాడానని ఒప్పుకున్నారు. "నేను కాలవ గురించి చెప్పానండీ మాస్టారూ, రాష్ట్రం గురించి కాదు" అన్నాడు షాపాయన, స్టూలు ముందుకు జరిపి. ఆ స్టూలు మీద సారు చాలా సాయంత్రాలు గడిపారు. అవి కూడా ఆయన మీద నేరమయ్యాయి.

గద్దెను కాస్త పక్కకు జరిపి కాలువ తెరుద్దామని ఆయన మీటింగులో అడిగారు. ప్రెసిడెంటు మర్యాదగానే జవాబిచ్చాడు. "తెలంగాణ రానియ్యి సారూ, తెల్లారే తీపిస్త. ఇప్పుడు తీస్తే ఆంధ్రోల్లు నవ్వరా?"

తెలంగాణ వచ్చింది. గద్దె దగ్గర పటాకులు కాల్చారు. సారు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అన్న చేతికి మిఠాయి అందించడానికి ఆయన నేల మీద కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటు గేటు ముందు నిలబడి, "తెల్లారింది గదా" అన్నారు. ఇప్పుడే కదా వచ్చింది, జర కుదురుకోనియ్యమన్నాడు ప్రెసిడెంటు. అప్పటికే కాలువ మీదుగా ఆయన ప్లాట్లకు సిమెంటు రోడ్డు పడింది.

ఆ తర్వాతి కథలో కొత్తదేమీ లేదు. సారు అర్జీలు పెట్టారు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. గద్దె ముడితే ఊరుకోమని కుర్రవాళ్లు అన్నారు. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర సోషల్ చదివినవాళ్లే. "సారు ఆంధ్రాయన షాపుల కూసుంటడు గద, అందుకే గిట్ల మాట్లాడుతుండు" అన్నాడు ఒకడు, ఆయనకు వినబడేలా. అన్న నడుము కోసం ఉద్యమంలోకి వెళ్లిన మనిషి ద్రోహి అయ్యారు.

రిటైరైన ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున సారు గడ్డపార పట్టుకుని వెళ్లి గద్దె పక్కన తవ్వడం మొదలుపెట్టారు. గద్దెను ముట్టలేదు, పక్కన మొరం మాత్రమే. కాసేపటికి పూలామె తట్టతో వచ్చింది. ఎవరో అడ్డుకోబోతే, "నేను వండిన జాగ. నేనే తవ్వుత. నీకేంది?" అంది. ఇద్దరూ కలిసి తీసిన గుంత మనిషి పొడవు కూడా లేదు. సాయంత్రానికి టిప్పరు వచ్చి అది పూడ్చిపోయింది. నేను వార్త రాశాను. లోపలి పేజీలో ప్రకటన కింద చిన్నగా వచ్చింది. సారు దాన్ని రెండుసార్లు చదివి, "జాగ తక్కువిచ్చిండ్రు. కాలువకు గూడ గంతే ఇచ్చిండ్రు" అన్నారు.

సారు పోయిన పొద్దున నేను మెయిన్ రోడ్డు మీద బండి ఆపి, నీళ్లలో నడిచి గద్దె దగ్గరికి చేరాను. సారును దాని మీదే పడుకోబెట్టారు. చుట్టూ నీళ్లు. మందుల షాపాయన తన స్టూలు తెచ్చి అమ్మను కూర్చోబెట్టాడు. ప్రెసిడెంటు వచ్చాడు. జుట్టు నెరిసింది, దుఃఖం నిజంగానే కనిపించింది. సారు లాంటి ఉద్యమకారుడు మళ్లీ పుట్టడన్నాడు. ఇదే గద్దె మీద సారు పేరుతో ఫలకం పెట్టిస్తానని, గద్దెను ఇంకాస్త ఎత్తు చేయిస్తానని, రేపే మొరం పంపిస్తానని చెప్పాడు. కొందరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

అమ్మ తల ఎత్తింది. "అవన్ని తర్వాత. ముందుగాల ఆయనను దీని మీదికెల్లి దించుండ్రి" అంది.

దించడానికి పొడి జాగా ఇంకెక్కడా లేదు.

వాన తగ్గి అంతిమయాత్ర బండి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సారును తీసుకెళ్లాక గద్దె మీద మిగిలిన బంతిపూలను పూలామె గంపలోకి ఎత్తింది. చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగి, చెరువు వైపు కొంత దూరం నడిచి, అక్కడ గంప వంచింది. పూలు నీళ్ల మీద కదిలి వచ్చాయి. కొన్ని గద్దె గోడకు తగిలి అక్కడే ఆగాయి. మిగిలినవి మెల్లగా పక్కకు తిరిగి, ఆమె ఇంటి వైపు పోయాయి.