కరీంనగర్‌లో ఉండిపోయిన మాయ

కాన్పులో నా మనుమరాలి వెంట వచ్చిన మాయను మమ్మల్ని అడగకుండా తీసుకున్నారు. కాల్చేస్తామని అబద్ధం చెప్పి మరీ తీసుకున్నారు.

మా బిడ్డకు కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. మాయను కొత్త కుండలో పెట్టి, ఇంటి వెనక నీళ్లు పోసుకునే జాలారు పక్కన లోతుగా పాతి, కుక్కలు తవ్వకుండా పైన బండ పెట్టడం మా ఇండ్లలో ఆనవాయితీ. మా ఇంటామె లక్సెట్టిపేట నుంచి కుండ పట్టుకునే వచ్చింది. మాయ ఎవరికీ ఇవ్వరని, కాల్చేస్తారని చెప్పి నర్సు పంపేసింది.

ఇరవై ఒకటో దినం పేరు పెడదామనుకున్నాం. అంతలోపే జ్వరం వచ్చి పాప పోయింది. మాయ మట్టికి చేరలేదు గనుకనే పాప నిలవలేదని మా ఇంటామె అంటే కసురుకున్నాను. బడి మొహం చూడకపోయినా పొట్లం కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాడిని. అలాంటి మాటలు ఇంట్లో వినపడనిచ్చేవాడిని కాను.

ఆరేడు నెలలకు కరీంనగర్‌లోని ఒక ల్యాబు నుంచి ఓ అమ్మాయి మా బిడ్డ రక్తం కోసం వచ్చింది. మాయ ఇచ్చిన తల్లికి రోగాలేమీ లేవని మళ్లీ చూసుకోవాలట. ఎవరిచ్చారని నిలదీశాను. కాగితం తీసి చూపించింది. అంతా ఇంగ్లీషు. కింద మా బిడ్డ సంతకం. నొప్పులు పడుతూ, పెట్టమన్న చోటల్లా పెట్టిన సంతకాల్లో అదొకటి.

ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. మాయలోంచి తీసిన కణాలు నంబరు వేసిన సీసాల్లో పెరుగుతాయట. అవి కంటికి ఆనని సన్నని సంచులు విడుస్తాయట. వాటిలో మందు నింపి, ఒంట్లో రోగమున్న చోటికి పంపాలని వీళ్ల ఆలోచన. ముందు ఎలుకలకు ఎక్కించి, నెత్తురు గడ్డకడుతుందా, జ్వరం వస్తుందా, కాలేయం చెడుతుందా అని చూస్తున్నారట.

"ఎలుకలకు జ్వరమొస్తదేమోనని గింత ఫికర్ చేస్తుండ్రు. కన్నతల్లిని ఒక్క మాట అడగకపోతిరి," అన్నాను.

మా బిడ్డ అడిగింది: "గా కణాలు నాయా, నా పాపయా?"

"పాపవే అక్కా."

"ఇంకా ఉన్నయా?"

"ఉన్నయి. మంచిగ పెరుగుతున్నయి."

మా బిడ్డ చెయ్యి చాపి రక్తమిచ్చింది.

పాపను గోదావరి ఒడ్డున నా చేతులతోనే పూడ్చాను. అయినా చలి పెరిగిన రోజుల్లో మా బిడ్డ నన్ను అడిగేది, ఆ సీసాలను వెచ్చగా ఉంచుతారా అని. తెలియదనేవాడిని. ఆ తర్వాత నాకూ అదే ఆలోచన. పేరైనా లేకుండా పోయిన పిల్లకు అక్కడ ఒక నంబరుంది. మా ఇంటామె మాత్రం, ఏం మిగిలినా సరే తెచ్చి మట్టిలో కలపమని పట్టుబట్టింది. ఈసారి కసురుకోలేకపోయాను.

మిగిలింది ఇవ్వమని ల్యాబుకు మూడు ఉత్తరాలు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. నాలుగోదానికి జవాబు వచ్చింది. మా బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివాను.

"మాయ మిగలలేదు. కణాలను ల్యాబు బయటి వారికి ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవు. వాటి సంచులు ఎక్కించిన ఎలుకలకు ఇప్పటివరకు ఏ హానీ కనబడలేదు. కణాలు ఆరోగ్యంగా ఉన్నాయి, పెరుగుతున్నాయి. వాడవద్దని తల్లి రాసి పంపిన రోజున వాటిని నాశనం చేస్తాము."