రెండేనుగుల ముద్ర ఉన్న బైబిలు

పాతకాలపు జమీందార్లు తమ పుస్తకాల అట్టల లోపల ఒక ముద్రకాగితం అంటించేవారు. పైన కిరీటం, అటూ ఇటూ ఏనుగులో సింహాలో, కింద వంశం పేరు. నాకు ఆ కాగితాల పిచ్చి పట్టింది. చిన్నప్పుడు స్టాంపులు పోగేసినవాణ్ణి కదా, తడిపి ఊడదీయడం చేతికి అలవాటైన పని. తెనాలిలో ఉద్యోగం, ఆదివారం వస్తే పాత కాగితాల కొట్లు. "చచ్చిపోయినవాళ్ళ చిరునామాలు ఏరుకొస్తారేంటండీ!" అనేది మా ఆవిడ.

రెండువేల మూడులోనో నాలుగులోనో, బాపట్లలో పుస్తకాలు బైండు చేసే ఒకాయన చల్లగా ఓ మాట చెప్పాడు. రేపల్లెలో ఒక రిటైర్డు టీచరమ్మ బైబిలుకు తను కుట్టు వేశాడట, అందులో రెండేనుగుల ముద్ర ఉందట. నేను ఏళ్ళుగా వెతుకుతున్న ముద్ర అదే! మర్నాడే సెలవు పెట్టి రేపల్లె పాసింజరు ఎక్కాను.

టీచరమ్మ నాన్నగారు జమీందారు బడిలో పంతులు. ఎవరో దొర బహుమానంగా ఇచ్చిన బైబిలుకు కూడా జమీందారు తన ముద్ర అంటించి, తర్వాత "చదివే మనిషి దగ్గరే ఉండనీ" అని ఈ పంతులుగారికి ఇచ్చేశాడు. క్రైస్తవుల ఇళ్ళలో రాసుకునేట్టే, ముద్రకు ఎదురు పేజీలో పంతులుగారు తన పిల్లల పుట్టుకలు, బాప్తిస్మాలు, చావులు నీలం సిరాతో రాసుకున్నాడు. ఆరు వరసలు. టీచరమ్మ నాలుగో వరస మీద వేలు పెట్టింది.

"వీడు మా తమ్ముడండి. పదకొండు రోజులే బతికాడు. ఫొటో లేదు, సమాధి మీద రాయీ లేదు. ఈ వరస ఒక్కటే."

నేను తల ఊపాను. నా కళ్ళు మాత్రం ఏనుగుల మీదే ఉన్నాయి. ముద్ర ఇస్తారా అని అడిగేశాను.

"అమ్మో, ఊడదీయొద్దు బాబూ. తీసుకెళ్ళి జిరాక్స్ తీసుకోండి. ఆదివారం గుడికెళ్ళే వేళకి తెచ్చిచ్చేయండి."

నా బుద్ధి గడ్డి తింది. తెనాలిలో ముద్రకు కలర్ జిరాక్స్ తీయించాను. అసలుది ఊడదీసుకుని, నకలు అంటించి ఇచ్చేస్తే ఆమె కళ్ళకి ఏం ఆనుతుంది లెమ్మనుకున్నాను. తడిగుడ్డ ముద్ర మీద పరిచి, ఆరిపోకుండా అట్ట మూసి, భోంచేసి కాస్త నడుం వాల్చాను.

లేచి తెరిస్తే ముద్ర చక్కగా ఊడొచ్చింది. గుడ్డ నీలంగా ఉంది. ఎదురు పేజీలో ఒక్క అక్షరం లేదు, మరక తప్ప. జిరాక్స్ తీయించింది ముద్రకేగానీ, ఆ పేజీకి కాదు.

బాపట్ల పరిగెత్తాను. బైండు చేసే ఆయన పేజీని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఏం మిగల్లేదండి. ఇంత తడి ఎవరు పెట్టారు?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే రేపల్లెలో బైబిలు, ముద్ర, నకలు మూడూ ఆమె ముందు పెట్టి, దొంగతనంతో సహా అంతా చెప్పేశాను. తిట్టినా బాగుండేది. లోపలికెళ్ళి పెన్ను తెచ్చింది.

"నా చెయ్యి వణుకుద్ది. నేను చెప్తాను, మీరు రాయండి."

మూడు వరసలు గడగడా చెప్పింది, పుట్టిన రోజులూ బాప్తిస్మం రోజులతో సహా. నాలుగో వరసలో తమ్ముడి పేరు చెప్పి ఆగింది. నేను పేరు రాసి, "ఎప్పుడు పుట్టాడమ్మా?" అన్నాను.

ఆమె ఆ నీలం మరక మీద వేలు పెట్టింది.

"అప్పటికి నాకు మూడేళ్ళండి. నాకు తెలీదు కాబట్టే కదా, అందులో చూసుకునేదాన్ని."

పేరు పక్కన జాగా వదిలేసి ఐదో వరస రాశాను.